పన్నెండో చీటీ

ఆ ఊళ్లో జనవరి వస్తే మంచు కిటికీ సగం దాకా లేచి కూర్చుంటుంది. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, వెలుతురు బూడిద రంగుకు తిరిగి, బయట ఉన్నది పొద్దో మాపో తెలియకుండా పోతుంది. బడి భోజనాల వంటశాలలో ఆ వేళకి పని అయిపోతుంది. పెద్ద పెద్ద గంగాళాలు కడిగి బోర్లిస్తారు. తడి నేల మీది ఆవిరి, సబ్బు, ఉడికిన కాబేజీ వాసన అన్నీ కలిసి పక్కనున్న ఆఫీసు గదిలోకి వస్తాయి. ఆ గది మూల కిరోసిన్ స్టవ్ మీద కెటిల్ తనలో తను సణుక్కుంటూ ఉంటుంది.

నగుర చిసె ఆ గదికి వచ్చి మూడు వారాలైంది. నాలుగు బడుల్లో ఆరు వందల నలభై మంది పిల్లలకు ఏ రోజు ఏం వండాలో చూసుకునే టీచరు ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ల మనిషి. పని తెలిసినది, పద్ధతి గలది, కాకపోతే కొంచెం తొందర ఎక్కువ. ఎవరైనా ఒక పనిని "ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

అంతకు ముందు ఆ కుర్చీలో పద్దెనిమిదేళ్లు కూర్చున్నది కజెహాయ ఇత్సుకో అనే ఆవిడ. కిందటి అక్టోబరు చివర్లో ఒక ఉదయం ఇంటి ముందు ఆకులు ఊడుస్తూ కూలిపోయింది, మళ్లీ లేవలేదు. సొరుగులో ఆమె కళ్లజోడు, సగం వాడిన చేతుల క్రీము ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని తీసెయ్యడానికి చిసెకు చెయ్యి రాలేదు.

కజెహాయ వదిలి వెళ్లినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక ఎక్సెల్ ఫైలు. ఏ పిల్లకు ఏ తిండి పడదో రాసిన పట్టిక అది. పదకొండు పేర్లు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆ పట్టికలోంచి చీటీలు అచ్చవుతాయి. ఒక్కో చీటీ మీద పేరు, తరగతి, పడని పదార్థం ఉంటాయి. ఆ చీటీ అంటించిన మూత డబ్బాలో ఆ పిల్లకు వేరే వంట వెళుతుంది. చీటీ ఉంటే డబ్బా ఉండాలి, చీటీ లేకపోతే డబ్బా లేదు. చేత్తో రాసిన చీటీ పనికిరాదు. వంటశాలలో ఎవరు చేరినా నేర్చుకునే మొదటి పాఠం అదే.

ఆ పట్టికకు కజెహాయ తాళం వేసి పోయింది. ఫైలు తెరుచుకుంటుంది, పేర్లన్నీ కనిపిస్తాయి, కాని ఒక్క అక్షరం మార్చబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఎవరికీ తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మార్చక తప్పని పని పడింది. సోమవారం నుంచి ఎదురుగా ఉన్న బడిలో రెండో తరగతిలో కొత్త పాప చేరుతోంది. పేరు హిరొసె ఉతా. పాలు పడవు. పడకపోవడమంటే దురదా దద్దుర్లా కాదు, ఒక చెంచా పాలు లోపలికి పోతే గొంతు మూసుకుపోతుంది. తొడకు పొడుచుకునే మందు ఎప్పుడూ సంచిలో ఉంటుందని తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. సోమవారం వంట పాల స్టూ, అంటే కూరలు పాలలో ఉడికించిన చిక్కటి పులుసు. కంప్యూటర్ల ఆయన వచ్చేది ఫిబ్రవరి పదో తేదీ తరవాతేనట.

శుక్రవారం మధ్యాహ్నం చిసె కజెహాయ పుట్టినరోజు కొట్టి చూసింది. వంటశాల ఫోన్ నంబరు కొట్టింది. ఊరి పిన్‌కోడు కొట్టింది. ఏదీ కుదరలేదు.

"తలుపు తీయకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్లిపోవాలి టీచరమ్మా, గోడ దూకకూడదు," అంది హొరిగొమె తొకి, తల గుడ్డ విప్పుకుంటూ. ఆమె పెద్ద వంటమనిషి. అరవై రెండేళ్లు. గరిటె పట్టుకున్న చేతుల్ని చూస్తే పడవ తెడ్లు గుర్తొస్తాయి.

"ఇల్లు మనదే హొరిగొమె గారూ. తాళం చెవి పట్టుకుపోయిన వాళ్లే లేరు."

"ఆవిడ ఏది చేసినా కారణం ఉంటుంది."

"ఉంటుంది. ఆ కారణం సోమవారం పాప గొంతులో అడ్డం పడకూడదు కదా."

చిసె తెరను ఆమె వైపు తిప్పి, ఒక పేరు మీద వేలు పెట్టింది.

"ఇంకోటి. ఈ ఉసుడ కొహరు ఎవరు? రెండో తరగతి, పాలు పడవు అని ఉంది. రోజూ చీటీ వస్తోంది, మీరు డబ్బా కడుతున్నారు. పొద్దున బడికి ఫోన్ చేస్తే ఆ పేరుతో పిల్ల లేదన్నారు."

స్టవ్ మీద కెటిల్ సన్నగా కూసింది. హొరిగొమె వెళ్లి దాన్ని దించి, తిరిగి రాకుండా అక్కడే నిలబడిపోయింది.

"లేదు. మూడేళ్ల కిందటే పోయింది," అంది గోడతో చెబుతున్నట్టు. "ఆ రోజూ పాల స్టూనే. సోయా పాలతో వండిన డబ్బా దానికి వెళ్లాలి. వేరే డబ్బా వెళ్లింది. విచారణకొచ్చిన వాళ్లు, చీటీ అంటించడంలో పొరపాటు అని రాసుకుపోయారు. చీటీలు అంటించింది ఈ చెయ్యే."

కుడి చెయ్యి ఎత్తి చూపించింది. ఆ చేతిలో ఏదో మరక ఉన్నట్టు తనే ఒకసారి చూసుకుంది.

"నాకు గుర్తులేదు టీచరమ్మా. రోజూ పదకొండు అంటిస్తాను. ఏది ఎక్కడ అంటించానో ఎలా గుర్తుంటుంది? కాని చీటీ దానంతట అది వెళ్లి వేరే డబ్బా మీద కూర్చోదు కదా. కజెహాయ గారు అడ్డుపడి నా ఉద్యోగం నిలబెట్టారు. నన్ను ఒక్క మాటా అనలేదు. దేవత లాంటి మనిషి. ఆ పాప పేరు తియ్యొద్దన్నారు, డబ్బా కడుతూనే ఉండమన్నారు. పోయినవాళ్లకు, దూరాన ఉన్నవాళ్లకు పళ్లెం పెట్టడం లోకంలో ఉన్నదే. మా నాన్న సముద్రం మీద ఉంటే మా అమ్మ రోజూ ఆయనకు పెట్టేది. సాయంత్రం దాన్ని మేం తినేవాళ్లం. ఇది మాత్రం..."

"ఇది మాత్రం?"

"ఖాళీగా వస్తుంది."

"బడిలో ఎవరో తింటున్నారు."

"అలాగే అనుకుందాం. ఆ తినేవాళ్లు చెంచా ఎడమ పక్కన పెడతారు. కొహరుది ఎడమ చెయ్యి వాటం."

చిసెకు జాలి వేసింది. దాని వెంటే చిరాకూ వచ్చింది. లేని పిల్ల పేరు ఉన్న పిల్లల పట్టికలో మూడేళ్లుగా అలాగే ఉంది. ఇదేం పద్ధతి?

"సోమవారం నుంచి ఆ డబ్బా వద్దు," అంది, వీలైనంత మెల్లగా.

"అలాగే టీచరమ్మా," అంది హొరిగొమె. కోటు తొడుక్కుని వెళ్లింది. బయట మంచులో ఆమె బూట్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

చిసె ఒక్కతే మిగిలింది. వెనకటి ఉద్యోగంలో నేర్చుకున్న కిటుకు ఒకటి ఉంది. ఎక్సెల్ ఫైలు పైకి ఒకే ముక్కలా కనిపిస్తుంది గాని, నిజానికి అది చిన్న చిన్న కాగితాలు కుక్కిన సంచి. ఫైలు పేరు చివరి తోక తీసేసి జిప్ అని పెడితే కంప్యూటరే ఆ సంచి మూతి విప్పుతుంది. లోపలున్న షీటు కాగితాన్ని బయటికి లాగి నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. చీమల బారులా అక్షరాలు. వాటి మధ్య ఎక్కడో, ఈ షీటును ఎవరూ ముట్టుకోకూడదని కంప్యూటర్ భాషలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం చెరిపేసి, కాగితాన్ని సంచిలో పెట్టి, పాత తోక తగిలిస్తే అయిపోయింది. పాస్‌వర్డ్ ఏమిటో తెలుసుకోనే అక్కర్లేదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ అడిగే తాళమైతే ఇది పనిచెయ్యదు, ఇలాంటి దానికి పనిచేస్తుంది.

వెతికింది. వాక్యం దొరికింది. నీలం గీతలో పట్టి, చెరిపే మీట నొక్కింది.

కెటిల్ సణుగుడు ఆగిపోయింది.

చిసె తల తిప్పి చూసింది. స్టవ్ వెలుగుతూనే ఉంది. మంట నీలంగా, కదలకుండా ఉంది. కెటిల్ హొరిగొమె దించిన చోటే, కింద ఉంది. మరి ఇంతసేపూ సణిగింది ఏమిటి?

ముక్కుకు ఒక వాసన తగిలింది. కాచిన పాలు పొంగి గిన్నె అంచున మాడితే వచ్చే వాసన. ఆ వేళ వంట చేప, అన్నం. వంటశాలలో ఎక్కడా పాలు లేవు.

అద్దం అవతల డబ్బాల గదిలో చీటీల ప్రింటరు గిర్రుమంది. ఒక్కసారి. ఆగింది.

లేచి వెళ్లి చూసింది. ఒక చీటీ బయటికి వచ్చి వేలాడుతోంది. దాని మీద ఏమీ లేదు. వట్టి తెల్ల కాగితం. వేలితో తాకితే వెచ్చగా ఉంది. పాత యంత్రం, చలికి బిగుసుకుని అలా చేసి ఉంటుందని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకోవడం పైకే వినిపించింది.

తిరిగొచ్చి తొందర తొందరగా పని ముగించింది. కొహరు వరుస తీసేసింది. అట్టడుగున ఉతా పేరు, తరగతి, పాలు అని కొట్టింది. పట్టిక బడుల వారీగా, తరగతుల వారీగా ఉండాలి కాబట్టి వరుసలు సర్దమని కంప్యూటరుకు చెప్పింది. అది ఏదో అడిగింది. చిసె అవునంది. ఉతా పేరు పైకి జరిగి, చివరనున్న ఐదో తరగతి పాప పేరు కిందికి వచ్చింది. సరిగ్గా అలాగే రావాలి. నిలువు వరుసల పైన క్రమంగా ఉండాల్సిన ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగో దాని తరవాత ఆరోది ఉంది. ఐదోది ఎక్కడో దాక్కుంది. చూసింది, పట్టించుకోలేదు. దీపం ఆర్పి, వెనక్కి చూడకుండా తలుపు వేసింది.

సోమవారం పొద్దున చిసెకు పురపాలక కార్యాలయంలో మీటింగు. తిరిగి వచ్చేసరికి పన్నెండు ఇరవై. ఎదుటి బడికి డబ్బాలు వెళ్లి అరగంట. తలుపు పక్క గోడకు ఆనాటి పట్టిక అతికించి ఉంది. డబ్బాలు పంపే ముందు రోజూ హొరిగొమె, ఇంకో వంటావిడ ఎదురెదురుగా నిలబడి ఒకరు పట్టిక చదువుతుంటే ఒకరు చీటీ మీద వేలు పెట్టి "సరే" అని అరుస్తారు. ప్రతి పేరు పక్కనా ఎర్ర టిక్కు ఉంది.

చిసె కోటు విప్పుతూ దాన్ని చూసింది.

హిరొసె ఉతా. రెండో తరగతి. గుడ్డు.

గుడ్డు కాదు. పాలు. గుడ్డు ఐదో తరగతి పాపది. ఆ పాప జ్వరంతో ఇవాళ బడికి రాలేదు. పేర్లు కదిలాయి... పడనివి కదల్లేదు. ఎంచినవి మాత్రమే సర్దనా అని కంప్యూటరు అడిగింది. తను చదవకుండా అవునంది.

గుడ్డు లేని డబ్బాలో ఉన్నది పాల స్టూ.

చిసె ఫోన్ అందుకుంది. బడి ఆఫీసులో ఎవరో ఎత్తి, పిల్లలు తినడం మొదలుపెట్టారు, కనుక్కుంటాను, ఒక్క నిమిషం అన్నారు. ఫోన్‌లో గంటల పాట మొదలైంది. పాట సాగుతోంది... సాగుతోంది... చిసె ఫోన్ బల్ల మీద వదిలేసి పరుగెత్తింది.

మైదానంలో మంచు మోకాళ్ల దాకా ఉంది. వంటశాల రబ్బరు బూట్లు దిగబడిపోయాయి. ఒకటి ఊడిపోయింది. వెనక్కి తిరగలేదు. దేవుడా, తినకుండా ఉంటే చాలు... ఆలస్యంగా తినే పిల్ల అయితే చాలు... బ్రెడ్డు ముందు తినే పిల్ల అయితే చాలు. చెప్పుల అరలు దాటింది. మెట్లు. ఒక కాలికి బూటు, ఒక కాలికి తడి మేజోడు. వసారా అంతా పాల స్టూ వాసన. ఎంత కమ్మగా ఉందో ఆ వాసన, ఎంత భయంగా ఉందో.

రెండో తరగతి తలుపు తోసింది. ముప్పై తలలు తిరిగాయి.

కిటికీ పక్క బల్ల దగ్గర కొత్త పాప కూర్చుని ఉంది. గిన్నె ఖాళీ. మూతి తుడుచుకుంటోంది.

"ఉతా," అంది చిసె. మోకాళ్ల మీద కూలబడి పాప మెడ చూసింది, పెదాలు చూసింది, చేతులు తిప్పి చూసింది. ఎక్కడా ఎర్రటి చుక్క లేదు. పాప ఊపిరి తేలిగ్గా, నారింజ తొనల వాసనతో వస్తోంది.

అప్పుడు డబ్బా చూసింది. మూత మీద చీటీ.

ఉసుడ కొహరు. రెండో తరగతి. పాలు.

"ఇది... నీ డబ్బా కాదు కదమ్మా."

"మార్చుకున్నాం," అంది ఉతా, రహస్యం చెబుతున్నట్టు. "నా డబ్బా తెచ్చుకోవడానికి వడ్డన గదికి వెళ్లానా, అక్కడ ఒక పిల్ల ఉంది. అది నాది, నీది ఇది అంది. పేరు వేరే ఉంది కదా అన్నాను. పేరు చూడకు, మూత తీసి వాసన చూడు అంది. చూశాను. నా దాంట్లో పాల వాసన. నాకు తెలుసు ఆ వాసన."

చిసె అడిగింది. "ఆ పిల్ల ఎలా ఉంది?"

"నా అంతే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఇక్కడ గీరుకుంటూనే ఉంది." ఉతా తన మెడ మీద వేళ్లతో చూపించింది. "నువ్వు తింటావా, నీకు పడతాయా అని అడిగాను. అలవాటైపోయింది అంది."

వడ్డన గది వసారా చివర ఉంది. కిటికీ లేదు. దీపం వెయ్యకుండానే చిసె లోపలికి వెళ్లింది. గోడ బల్ల మీద ఒక్కటే డబ్బా ఉంది. దాని మీద ఉతా చీటీ. గుడ్డు అని ఉంది. మూత పక్కన పెట్టి ఉంది. లోపల ఒక్క చుక్క మిగల్లేదు. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకినట్టు మెరుస్తోంది. ఇంకా వెచ్చగా ఉంది. చెంచా ఎడమ పక్కన ఉంది.

ఆ చీకట్లో, బల్ల కింద నుంచో, గోడ లోపలి నుంచో... సన్నని ఈల లాంటి చప్పుడు. గాలి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటున్న చప్పుడు. ఒకటి... ఇంకొకటి... ఆ తరవాతది ఎంతసేపటికీ రాలేదు.

చిసె డబ్బాలు రెండూ గుండెలకు హత్తుకుని బయటికి వచ్చేసింది. ఎందుకు ఏడుస్తోందో తనకే తెలియలేదు. భయం కన్నా అది ఎక్కువగా ఉంది. ఏడేళ్ల పిల్ల. మూడేళ్లుగా రోజూ తనకు పడేది తినడానికి వస్తోంది. ఒక్క రోజు వేరే పిల్ల కోసం తనకు పడనిది మళ్లీ తిన్నది.

వంటశాలలో హొరిగొమె గంగాళం పక్కన నిలబడి ఉంది. చిసె వదిలేసిన ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది.

"పాప బాగానే ఉంది. ఏం కాలేదు," అంది చిసె. "కొహరు డబ్బా ఎందుకు కట్టారు?"

"పన్నెండు చీటీలొచ్చాయి," అంది హొరిగొమె. "చీటీ వస్తే కడతాం కదా." ఫోన్ పక్కన పెట్టింది. "టీచరమ్మా... నేను మళ్లీ తప్పు అంటించానా?"

చిసె కొళాయి దగ్గర నిలబడి ఉంది. ఉతా డబ్బా చేతిలో ఉంది. కొళాయి ఎప్పుడు తిప్పిందో గుర్తులేదు. వేడి నీళ్లు మూత మీద పడుతున్నాయి. బొటనవేలు చీటీని రుద్దుతోంది. గుడ్డు అన్న అక్షరాలు ఉబ్బి, చిరిగి, నీళ్లతో పాటు జారిపోయాయి.

"ఏం కాలేదన్నాను కదా," అంది.

హొరిగొమె కుడి చెయ్యి ఒకసారి చూసుకుని దాన్ని ఏప్రను కింద దాచుకుంది.

మూడున్నరకు చిసె ఫైలు తెరిచింది. తాళం మళ్లీ ఉంది. కొహరు వరుస మళ్లీ ఉంది. ఆశ్చర్యం కూడా కలగలేదు. తోక మార్చింది, సంచి విప్పింది, వాక్యం చెరిపింది. ఈసారి దాక్కున్న ఐదో నిలువు వరుసను బయటికి తెరిచింది.

కొహరు పేరు ఎదురుగా ఉన్న ఒక్క గడిలో, తేదీ కింద తేదీ, మూడేళ్ల రాత ఉంది. మొదటిది అన్నిటికన్నా పొడుగ్గా ఉంది.

"పేర్లు మాత్రమే సర్దాను. పడనివి కదల్లేదు. కొహరుకు గుడ్డు అని వచ్చింది. చీటీ సరిగ్గానే అంటించారు, చీటీయే తప్పు. విచారణ వాళ్లు రాకముందు పట్టిక సరిచేశాను. చీటీలు అప్పటికే కడుగునీళ్లలో పోయాయి. హొరిగొమె గారు తన చెయ్యే అంటున్నారు. కాదని చెప్పాలి. రేపు చెబుతాను."

ఆ తరవాత ప్రతి రోజూ ఒక్కో ముక్క. "గుమ్మడి పులుసు. అంతా తిన్నది. రేపు చెబుతాను." "చేప, అన్నం. అంతా తిన్నది. రేపు చెబుతాను." అక్టోబరు చివర, ఆవిడ ఆకులు ఊడుస్తూ కూలిన రోజు తేదీ వచ్చింది. రాత అక్కడ ఆగలేదు. నవంబరు ఉంది. డిసెంబరు ఉంది. "అంతా తిన్నది." "అంతా తిన్నది." తాళం వేసి ఉన్న పట్టికలో, ఎవరూ ఒక్క అక్షరం కొట్టలేని గడిలో.

అట్టడుగున ఇవాళ్టి తేదీ.

"పాల స్టూ. అంతా తిన్నది. ఈసారి నా తప్పు కాదు."

చిసె కుర్చీలో వెనక్కి వాలింది. చెయ్యాల్సింది ఏమిటో చంటిపిల్లకు కూడా తెలుసు. హొరిగొమెను పిలవాలి. తెర చూపించాలి. మీ చెయ్యి కాదు, ఏనాడూ మీ చెయ్యి కాదు అని చెప్పాలి. ఇవాళ కూడా కాదని చెప్పాలి. ఇవాళ ఎవరిదో చెప్పాలి.

"హొరిగొమె గారూ," అని పిలిచింది.

ఆమె అప్పటికే కోటు తొడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. తల దించుకుని ఉంది.

"నేనే చెబుదామనుకున్నాను. రేపటి నుంచి చీటీలు వేరే వాళ్లకు ఇవ్వండి. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది. గంగాళాలు తోముతాను, కూరలు తరుగుతాను. పిల్లల పేర్లు మాత్రం నా చేతికి ఇవ్వొద్దు." కళ్లు తుడుచుకుంది. "ఆ కజెహాయ గారు ఉండి ఉంటే మళ్లీ నన్ను కాసేవారు. ఎంత మంచి మనిషో మీకు తెలియదు."

చిసె నోరు తెరిచింది. మాట నాలుక చివర దాకా వచ్చింది. ఉద్యోగం, పాప తల్లి రాసిన నాలుగు పేజీల ఉత్తరం, విచారణ వాళ్ల బల్ల, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"జాగ్రత్తగా వెళ్లండి," అంది. "మంచు ఎక్కువగా ఉంది."

బూట్ల చప్పుడు దూరమైంది. చిసె ఐదో నిలువు వరుసను మళ్లీ దాచింది. ఉతాకు పాలు, ఐదో తరగతి పాపకు గుడ్డు అని సరిచేసి మూడుసార్లు చూసుకుంది. కొహరు వరుసను ముట్టుకోలేదు. రేపు చెబుతాను అనుకుంది. అనుకున్నాక, ఆ మాట ఎక్కడ చదివిందో గుర్తొచ్చి మీటల మీంచి చేతులు తీసేసింది.

షీటుకు తాళం వెయ్యమంది. కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది. చిసె మనసులో ఒక మాట అనుకుంది. పైకి అనలేదు, ఎక్కడా రాయలేదు. చిన్నప్పుడు చచ్చిపోయిన తన పిల్లి పేరు, ఆ తరవాత ఒక అంకె. ఇంకెవరికీ తెలియని మాట. కొట్టింది. ఏడు నల్ల చుక్కలు పడ్డాయి. సరే అని నొక్కింది.

పొరపాటు లేకుండా ఉండాలని అది అదే మాటను రెండోసారి కూడా అడుగుతుంది, రెండూ ఒకటైతేనే తాళం వేస్తుంది. రెండో పెట్టె తెరుచుకుంది.

దాంట్లో అప్పటికే ఏడు చుక్కలు ఉన్నాయి.

చిసె వేళ్లు ఒళ్లో ఉన్నాయి. కెటిల్ సణగడం లేదు. గదిలో చేతుల క్రీము వాసన, సొరుగు ఎవరో ఇప్పుడే లాగినట్టు. చాలాసేపు ఆ చుక్కల్ని చూసింది. తరవాత, తప్పని తేలితే బాగుండునని ప్రాణమంతా కోరుకుంటూ, సరే అని నొక్కింది.

తాళం పడింది.